చీనా నేర్చిన విలేఖరి

ఆసియాఖండ దేశములను గూర్చి మన పత్రికలలో వెలువడు వార్తలు ముప్పాతిక మువ్వీసము ఆంగ్లభాషాద్వారమున మనకు చేరుచున్నవి. చీనా వారేమనుచున్నారో, బర్మావారు తమలో తామేమి వ్రాసికొనుచున్నారో లండనును న్యూయార్కును అడిగి మనము తెలిసికొనుచున్నాము. పొరుగింటి సంగతి ఊరవతలివాని నోట వినుట యన్న నిదియే. ఈ కొఱత తీర్చుకొనుటకై కొన్ని దేశముల విశ్వవిద్యాలయములు పత్రికారచయితలకు వేతనము లొసగి, ఆసియా భాషలను, చరిత్రను, ఆచారవ్యవహారములను నేర్పు నేర్పాటులు గావించినవి. రేపటి సంచికకు వార్త కావలసినవానికి వేయేండ్లనాటి చరిత్ర యెందుకు, పొరుగువాని వ్యాకరణ మెందుకు అని అడుగువారు మనలో లేకపోలేదు. వారికి సిద్ధాంతములు చెప్పుటకంటె ఒక మనుష్యుని జీవితము చెప్పుట మేలని మేము తలంచితిమి. ఆతడు థియొడోరు హెరాల్డు వైటు. అమెరికా అధ్యక్షుల ఎన్నికలను గూర్చి గ్రంథములు వ్రాసిన వానిగా ఆతనిని మన పాఠకులలో పెక్కురెఱుగుదురు. మేము చెప్పబూనినది ముఖ్యముగ దానికి పూర్వకథ.

వైటు 1915వ సంవత్సరము మే 6వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. తండ్రి రష్యా సామ్రాజ్యమునుండి వలసవచ్చిన యూదుడు. ఆయన న్యాయవాది యయ్యును బీదల పక్షమున వాదించి బీదగనే మిగిలెను. 1931లో ఆయన మరణింపగా కుటుంబము ధర్మసహాయముపై ఆధారపడవలసివచ్చెను. అది అమెరికాలో వర్తకములు కూలి, బ్యాంకులు మూతపడిన కాలము. పదునాఱేండ్ల పిల్లవాడు తెల్లవాఱకముందే లేచి ట్రాముబండ్లలో పత్రికలు కేకలువేసి అమ్ముచు ఇల్లు గడుపుటకు తోడ్పడెను. పత్రికతో ఆతని సంబంధ మట్లు ఆరంభమైనది. పగలు బోస్టను లాటిను పాఠశాలలో చదువు. సాయంకాలము హీబ్రూ పాఠశాలలో వేదాభ్యాసమువంటి అభ్యాసము. మన బ్రాహ్మణ బాలురు అమరమును వల్లించినట్లు ఆతడు ప్రాచీన హీబ్రూ గ్రంథములను వల్లించెను. తనది కాని లిపిని, తన వీధిలో వినబడని శబ్దమును కంఠస్థము చేయుటలోని శ్రమ ఆతనికి చిన్ననాడే అలవడినది. ఆ అలవాటు తరువాత చీనా అక్షరములను నేర్చునప్పుడు అక్కఱకు వచ్చినదని మా నమ్మకము.

పాఠశాల ముగియుసరికి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరుటకు అర్హత లభించెను గాని రుసుము చెల్లించుటకు సొమ్ము లేదు. రెండేండ్లు మరల పత్రికలమ్ముటతోనే గడచెను. 1934లో హార్వర్డువారు 220 డాలర్లును, పత్రికలమ్ము పిల్లల నిమిత్తము బోస్టనులో నెలకొల్పబడిన బరోసు ధర్మసంస్థవారు 180 డాలర్లును ఒసగిరి. రెండును కలిసి 400 డాలర్లు. సంవత్సరపు రుసుమునకు సరిపోయినవి. ఈ బరోసు అను నాతడు తానును ఒకనాడు వీధిలో పత్రికలమ్మినవాడే. న్యాయవాదియై గడించిన పిమ్మట తనవంటి బాలురను మఱవలేదు. ఒక సాధారణ ధర్మదాత ఇచ్చిన 180 డాలర్లు ఎంతదూరము పోయినవో పాఠకులే చూతురు గాక.

హార్వర్డులో ఆతడు ఏల చీనా భాషను ఎన్నుకొనెననుటకు పెద్ద కారణమేమియు లేదు. చరిత్రమందు మక్కువ, ఇతరులు తొక్కని త్రోవ తొక్కవలెనను యౌవనోత్సాహము. అయితే త్రోవ చూపుటకు అచ్చట ఒక సంస్థ సిద్ధముగ నుండెను. అల్యూమినియమును చౌకగ తీయు మార్గమును కనుగొని కోటీశ్వరుడైన చార్లెసు మార్టిను హాలు 1914లో మరణించుచు తన ఆస్తిలో కొంతభాగము ఆసియాలోని విద్యావ్యాప్తికై వదలిపోయెను. ఆ ధనముతో 1928లో హార్వర్డు-యెంచింగు సంస్థ ఏర్పడెను. దానికి అధ్యక్షుడు సెర్జి ఎలిసీఫను రష్యా పండితుడు. టోకియో సామ్రాజ్య విశ్వవిద్యాలయమున పట్టము పొందినవాడు. ఆ సంస్థలో బోధన మన పాత సంస్కృత కళాశాలల బోధనను తలపించునది. నిత్యవ్యవహార భాషకంటె ప్రాచీన గ్రంథభాషకే అచ్చట గౌరవ మెక్కువ. అక్షరముల నొక్కొక్కటిగ వందలకొలది మనస్సున నాటుకొనవలెను. బజారులో బియ్యము ధర అడుగుటకు ఆ విద్య ఎంతవఱకు పనికివచ్చునో చెప్పలేము. ఈ విషయములో మాకు పండితులమీద కొంత ఫిర్యాదు కలదు. అది మన దేశపు పండితులకును తగులును.

1936లో జాను కింగు ఫెయిర్‌బాంకు అను యువకుడు హార్వర్డునకు చీనా చరిత్రాచార్యుడుగ వచ్చెను. ఆయన ఆక్సుఫర్డున చదివి, పెకింగులో కొన్నేండ్లు వసించి, చీనా రాజపత్రములను మూలమున చదివినవాడు. ఆయన స్వయముగ శిక్షణ మిచ్చిన మొదటి విద్యార్థి వైటు. గురువునకు అప్పటికి ముప్పదియేండ్లు నిండలేదు. శిష్యుడు పొట్టివాడు, బీదవాడు, ఇంటినుండి ట్రాములో వచ్చిపోవువాడు. ఫెయిర్‌బాంకు దంపతులు వానిని తమ యింటి కాహ్వానించి, భోజనముబల్లవద్ద కూర్చుండు మర్యాదనుండి చీనా రాజనీతి వఱకు నేర్పిరి. ఆచార్యుడు కాదలచిన వానిని పరికించి, నీకు తగినది ఆచార్యపదవి కాదు, పత్రికారచన యని గురువే తేల్చి చెప్పెను. శిష్యుడు తనవంటివాడే కావలెనని పట్టుపట్టు గురువులే లోకమున పెక్కురు. ఈయన అట్లు చేయలేదు.

1938లో వైటు అత్యుత్తమ శ్రేణిలో పట్టము పొందెను. దానితోపాటు షెల్డను దేశాటన వేతనము లభించెను. ఫెయిర్‌బాంకు ఒక వాడిన టైపురైటరును, కొన్ని పరిచయపత్రములను చేతికిచ్చి సాగనంపెను. మఱొక విశేషము: అదే సంవత్సరమున, అదే హార్వర్డులో, మిల్వాకీ పట్టణపు పత్రికాధిపతి యగు నీమను యొక్క భార్య వ్రాసిపోయిన మరణశాసనము ననుసరించి పత్రికారచయితలకు ఒక సంవత్సరము ఇష్టమైన చదువు చదువుకొను నీమను వేతనములు ప్రారంభమయ్యెను. మొదటి జట్టులో తొమ్మండ్రు వచ్చిరి. విశ్వవిద్యాలయాధ్యక్షునకే దానియందు నమ్మకము తక్కువ. పత్రికలవారు లోపలికి వచ్చుచున్న సంవత్సరమున, చదువుకొన్నవాడొకడు పత్రికకై వెలుపలికి పోవుచుండెను. ఇది కాకతాళీయమే; అయినను ఆ ఊహ ఆ గాలిలో నుండెనని తోచుచున్నది.

ఇచ్చట ఒక మాట చెప్పక మానలేము. 1930వ సంవత్సరము మే నెలలో రంగూను రేవున ఓడలపై సరకు దింపు కూలీల సమ్మె ముదిరి ఘోరమైన కొట్లాటగా పరిణమించెను. ఆ కూలీలు మనవారు. కోరంగివారని బర్మాలో పిలువబడిన తెలుగువారు. బర్మా కూలీలు వారి స్థానమున పనికి వచ్చి, సమ్మె పరిష్కారము కాగానే తొలగింపబడిరి. వీధులలో తెలుగువారి నెత్తురు పాఱెను. ఆనాటి బర్మా కూలీవాని ఇంటిలో ఏమి మాటలాడుకొనిరో, ఆ భాషలోని పత్రికలు నెలల తరబడి ఏ విషమును గాని ఏ న్యాయమైన మొఱను గాని వెలువరించెనో చదివి మనకు చెప్పగల తెలుగు విలేఖరులెందఱుండిరి? 1942లో లక్షలకొలది భారతీయులు బర్మానుండి అడవుల వెంట నడచి వచ్చిరి. దారిలో వేలకొలది రాలిరి. దశాబ్దములు కలసి బ్రదికినవారి మనసున నేమున్నదో తెలిసికొనుటకు మనము వెచ్చించిన దెంత? శాంతినికేతనమున రవీంద్రుడు తాన్ యున్-షాన్ పండితుని తోడ్పాటుతో చీనాభవనమును 1937లో నెలకొల్పెను. అది మహాకార్యము. అది పండితుల నిమిత్తమైనది. పత్రికాకార్యాలయముల కట్టి వాకిలి యేదియు తెఱవబడలేదు. ఇక మన కథకు వత్తము.

వైటు లండను మీదుగ, పాలస్తీనా మీదుగ షాంఘై చేరి, 1939 వసంతమున చుంగ్‌కింగునకు పోయెను. జపానువారి దాడివలన చీనా ప్రభుత్వ మా కొండల నగరమునకు తరలియుండెను. అచ్చట సమాచార మంత్రిత్వశాఖలో ఆతనికి ఉద్యోగము దొరకెను. అమెరికా పత్రికలకు రుచించునట్లు ప్రభుత్వపు వార్తలను వండి వడ్డించుట ఆ పని. కొలది దినములలోనే, మే 3, 4 తేదీలలో, జపాను విమానములు నగరముపై నిప్పు కురిపించెను. వేలకొలది ప్రజలు మాడిపోయిరి. యుద్ధమన నేమో ఆ రాత్రులలో ఆతడు చూచెను. అదే సంవత్సరము ఆగస్టు నెలలో మన జవహర్లాలు నెహ్రూ చుంగ్‌కింగునకు వెళ్లి ఆ బాంబుల నడుమనే కొన్ని దినములు గడపెను. మనకును వారికిని నడుమ ఉన్న సానుభూతి అప్పటిది.

మంత్రిత్వశాఖలోని కొలువు మంచి పాఠము నేర్పెను. ప్రభుత్వము వార్తను ఎట్లు తయారుచేయునో ఆ వంటయింటిలో నిలిచి చూచినవాడు తరువాత పెట్టినదంతయు తినడు. టైము పత్రికపక్షమున చుంగ్‌కింగు వచ్చిన జాను హెర్సీ ఈ యువకుని గుర్తించి ఆ పత్రికకు వార్తలు వ్రాయుటకు కుదిర్చెను. హెర్సీ స్వయముగ చీనాలో పుట్టిన క్రైస్తవ ప్రచారకుని కుమారుడు. టైము అధిపతి హెన్రీ లూసు కూడ అట్టివాడే. 1941లో లూసు చుంగ్‌కింగునకు వచ్చి వైటును చూచి ముచ్చటపడి న్యూయార్కునకు తీసికొనిపోయి దూరప్రాచ్య విభాగమునకు సంపాదకుని గావించెను. ఇరువదియాఱేండ్లవాని కింతకంటె కావలసినదేమి? అయినను ఆతడు కుర్చీలో నిలువక 1942లో మరల చీనాకు తిరిగిపోయెను.

ఆ సంవత్సరమున హోనాను రాష్ట్రములో వానలు కుఱియలేదు. మూడుకోట్లకు మించిన జనులున్న రాష్ట్రమది. పీతనది పరీవాహమున గోధుమ పండు చీనా జన్మభూమి. 1938లో జపానువారిని నిలువరించుటకై చీనా సైన్యమే పీతనది గట్టు తెంచగా ఆ ప్రాంతము ముంపు పాలయి యుండెను. దానిపై అనావృష్టి; దానిపై మిడుతలు. ఇవన్నియు దైవికములనుకొందము. శిస్తు మాత్రము దైవికము కాదు. 1941నుండి ప్రభుత్వము భూమిశిస్తును ధాన్యరూపమున వసూలు చేయుచుండెను. సైన్యమునకు తిండి కావలెను. పంట పండినను పండకున్నను కొలత కొలతయే. రైతు పశువుల నమ్మి, తలుపు చెక్కల నమ్మి, పొలము నమ్మి శిస్తు చెల్లించెను. తాంగ్ ఎన్-పో సేనాని పటాలములను ప్రజలు వఱదకును కఱవునకును మిడుతలకును సాటిగ లెక్కించి నాలుగవ ఈతిబాధగ చెప్పుకొనిరి.

ఈ సంగతిని మొదట బయటపెట్టినది చీనా పత్రికయే యని మేము నొక్కి చెప్పుచున్నాము. తా కుంగ్ పావ్ అను పత్రిక విలేఖరి చాంగ్ కావ్-ఫెంగ్ వ్రాసిన కఱవు వార్తను 1943 ఫిబ్రవరి 1న ప్రకటించెను. మఱునాడు సంపాదకుడు వాంగ్ యున్-షెంగ్ రాజధానిలోని భోగములను హోనానులోని ఆకలిని ప్రక్కప్రక్కన నిలిపి సంపాదకీయము వ్రాసెను. ప్రభుత్వము ఆ పత్రికను మూడు దినములు నిలిపివేసెను. విలేఖరిని హోనానులో బంధించిరి. పత్రికలకు జామీను సొమ్మును, మూతబడుటను, సంపాదకులకు చెఱసాలను ఎఱిగిన మన దేశమునకు ఈ కథ క్రొత్త గాదు. పరప్రభుత్వము చేసినదానిని స్వప్రభుత్వము సైతము చేయగలదనునది మాత్రము అప్పటికి మనము నేర్వని పాఠము.

పత్రికను మూయించుటచేత వైటునకు అనుమానము బలపడెను. లండను టైమ్సునకు వ్రాయు హారిసను ఫోర్మనుతో కలసి ఆతడు బయలుదేఱెను. విమానమున కొంత, రైలున కొంత, పట్టాలపై చేతితో నడపు ట్రాలీలో కొంత, పిమ్మట గుఱ్ఱములపై చలికాలపు మంచులో పయనించిరి. లుంఘై రైలుమార్గము వెంట కాందిశీకులు బండ్లపైకప్పులపై కూర్చుండి, వ్రేళ్లు చలికి కొఱవోయి పట్టుజాఱి, పట్టాల ప్రక్క పడియుండిరి. గ్రామములలో చెట్లకు బెరడు లేదు. ఒలిచి దంచి తినిరి. వేరుసెనగ పొట్టు అంగడిలో అమ్మబడుచుండెను. కుక్కలు ఇసుకదిబ్బలలోని శవములను త్రవ్వుచుండగా ఫోర్మను ఛాయాచిత్రములు తీసెను. లోయాంగులోని కతోలికు బిషప్పు మేగను మొదలగు పాదరీలు తమ కొలది గంజిపోయుచుండిరి. చెంగ్‌చౌ పట్టణమున అధికారులు ఈ యిరువురికి విందు చేసిరి. కోడి, గోమాంసము, తామరదుంప, రెండు తెఱగుల పులుసులు, పైన చక్కెర పూసిన భక్ష్యములు. జీవితములో తాను తిన్న గొప్ప విందులలో నది యొకటి యని వైటు సిగ్గుతో వ్రాసికొనెను.

ఇచ్చట ఆతని చదువు అక్కఱకు వచ్చినది. ఆతని చీనా తడబడు చీనాయే. పండితుడనని ఆతడెన్నడును చెప్పుకొనలేదు. అయినను శిస్తు ఎట్లు విధింపబడునో, రాజధానికిని గ్రామమునకును నడుమ అధికారపు మెట్లు ఎన్ని గలవో ఆతడు గురువునొద్ద చదివియుండెను. కావున ఆకలిని చూచి కన్నీరు కార్చి ఊరకుండక, ధాన్యమెక్కడ నున్నది, ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోవుచున్నది అని అడిగెను. ప్రభుత్వము సహాయమునకు 20 కోట్ల చీనా డాలర్లు కేటాయించినట్లు ప్రకటించియుండగా ఆ రాష్ట్రమునకు అంతవఱకు చేరినది 8 కోట్లు. చేరినదైనను నూఱు డాలర్ల నోట్లుగ పంచిరి. చిల్లర మార్చుటకు ప్రభుత్వ బ్యాంకులే వట్టము పట్టుకొనెను. కొన్నియెడల పాతశిస్తు బాకీని మినహాయించుకొని మిగిలినది యిచ్చిరి. ప్రక్క రాష్ట్రమగు షెన్సీలో ధాన్య మున్నది. సైన్యపు కొట్లలో ధాన్య మున్నది. మఱియొక సంగతి మన పాఠకులు గమనింపవలెను. పట్టణపు వర్తకులు, చిల్లర యుద్యోగులు, సైనికాధికారులు, భాగ్యవంతులగు భూస్వాములు ఆ దినములలో హోనానులో నేలను కారుచౌకకు కొనుచుండిరి. తాతలనాటి పొలము కొలది దినముల తిండికి మాఱుచుండెను. అదే యేడు వంగరాష్ట్రములోను అట్లే జరిగినది. కఱవు ఒకనికి మృత్యువు, ఒకనికి క్రయదస్తావేజు. ఈ పుటను చదువువారిలో భూములు గలవారే పెక్కురు గనుక మేము దీనిని దాటిపోలేదు.

వైటు లోయాంగు చేరి మొదటి తంతికార్యాలయమునందే వార్తను పంపెను. నియమము ప్రకారము విదేశములకు పోవు ప్రతి వార్తయు చుంగ్‌కింగులో పరీక్షింపబడవలెను. ఈ తంతి మాత్రము లోయాంగు నుండి చెంగ్‌టూ మీదుగ తిన్నగ న్యూయార్కునకు పోయెను. ఏర్పాటులోని లోపమో, తంతిగుమాస్తా మనస్సులోని ధర్మమో తెలియదని వైటు చెప్పెను. 1943 మార్చి 22వ తేదీ టైము సంచికలో అది వెలువడెను. చియాంగ్ కై-షేకు భార్య అప్పుడు అమెరికాలో నూరేగింపులందుకొనుచు విరాళములు కోరుచుండెను. ఆమె ఆగ్రహించి వైటును పనినుండి తొలగింపుమని లూసును కోరెను. లూసు చియాంగునకు పరమభక్తుడు. అయినను ఆ కోరిక నిరాకరించెను. లూసును గూర్చి మేము మెచ్చుకొన తలచిన కొలది సంగతులలో నిది యొకటి.

చుంగ్‌కింగు తిరిగివచ్చి వైటు తలుపు తలుపు తట్టెను. రక్షణమంత్రి నమ్మలేదు, ఇతరులు వినలేదు. తుదకు సున్ యత్-సెను భార్య సహాయముతో చియాంగు దర్శనము లభించెను. సేనాధిపతి మొదట అంతయు అబద్ధమనెను. రైతులనుండి శిస్తు వసూలు చేయవలదని తానాజ్ఞాపించితి ననెను. కుక్కలు శవములను పీకుచున్న ఫోర్మను ఛాయాచిత్రములను చూపగా ఆయన మోకాలు అదరెనని వైటు వ్రాసెను. పిమ్మట చిన్న పుస్తకము తీసి పేర్లు వ్రాసికొనెను. కొలది దినములలో షెన్సీనుండి ధాన్యపు బండ్లు కదలెను, సైన్యపు కొట్లు కొన్ని తెఱవబడెను, గంజికేంద్రములు లేచెను. ఎందఱు మరణించిరనుటలో అంచనాలు ఏడెనిమిది లక్షలనుండి ముప్పదిలక్షల వఱకు పోవుచున్నవి. ఎందఱు ఆ బండ్ల వలన బ్రదికిరో లెక్కించినవారు లేరు. తలలు తెగుట కూడ ఆరంభమయ్యెననియు, మొట్టమొదట తెగినవి లోయాంగు తంతికార్యాలయములోని వారివనియు వైటు వినెను. పేరు బడసినది విలేఖరి. మూల్యము చెల్లించినది గుమాస్తా.

ఆ నెలలలోనే వంగదేశము మాడుచుండెను. క్షామమను మాటను ప్రభుత్వము పలుకనొల్లదు. 1943 ఆగస్టు 22న కలకత్తా స్టేట్సుమను సంపాదకుడు అయాను స్టీఫెన్సు వీధిలోని శవముల చిత్రములను ప్రకటించి ఆ మౌనమును పగులగొట్టెను. అంతకు పూర్వము 1877లో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు దక్షిణ క్షామమున నాశనమగుచుండగా మద్రాసు టైమ్సు సంపాదకుడు విలియము డిగ్బీ లండను ప్రజలకు మొఱవెట్టి సహాయనిధి కూర్చుటకు కారకుడయ్యెను. వైటు వీరి కోవలోనివాడు.

పిమ్మటి జీవితమును మేము క్లుప్తముగ చెప్పెదము. 1944లో జపానువారు హోనానుపైకి రాగా ఆ రైతులే చీనా సైనికుల ఆయుధములను లాగికొనిరి. కఱవుకథకు అది ముగింపు. ఆ యేడే జనరలు స్టిల్వెలును తిరుగుపిలిచిన వృత్తాంతమును వైటు వ్రాసిపంపగా న్యూయార్కులో విట్టేకరు ఛాంబర్సు అను సంపాదకుడు దానిని తలక్రిందు చేసి ప్రకటించెను. విలేఖరి భాష నేర్చిన ఫలము సంపాదకుని కత్తెరక్రింద పోవచ్చును. భాష నేర్పు విద్యాలయములు దీనికి మందు చెప్పలేవు. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటును మిస్సోరి ఓడపై కన్నులార చూచి, మఱుసటియేట అనాలీ జాకబీతో కలసి చీనా చరిత్రను గ్రంథముగ వెలువరించి, లూసుతో తెగతెంపులు చేసికొనెను. ఆ గ్రంథము విరివిగ అమ్ముడుపోయెను. దానికి ప్రతిఫలముగ మక్కార్థీ దినములలో ఆతడు అనుమానితుడయ్యెను. చీనా నెఱిగిన దౌత్యోద్యోగి జాను పేటను డేవిసు పక్షమున 1954లో సాక్ష్యము చెప్పగా ఆతని పాసుపోర్టే కొంతకాలము చిక్కులో పడెను. చీనాను ఎఱిగినవారినే చీనా పోయినందులకు దోషులుగ నెంచిన కాలమది. వైటు భయపడెను. ఏండ్ల తరబడి చీనాను విడిచి ఐరోపాను, స్వదేశ రాజకీయములను వ్రాసెను. 1960 ఎన్నికను గూర్చిన గ్రంథమునకు 1962లో పులిట్జరు బహుమానము వచ్చెను. కెన్నెడీ మరణానంతరము ఆయన భార్య కోరినట్లు ఆ పాలనను పురాణమువలె చిత్రించుటలో ఆతడు ఆస్థానకవి యయ్యెనని మా యభిప్రాయము. హోనాను విలేఖరి అట్లు వ్రాసియుండడు.

ఇంకొక లోపము చెప్పవలెను. యెనానులోని కమ్యూనిస్టులను చూచి వైటు ముగ్ధుడయ్యెను. వారేమి కాగలరో ఆనాడు చూడలేదని పిమ్మట తానే యొప్పుకొనెను. 1959నుండి 1961 వఱకు వారి పాలనలో కఱవు మరల వచ్చెను. హోనానులోని సిన్‌యాంగు ప్రాంతముననే పదిలక్షలవఱకు మడసిరి. ఈసారి అచ్చటకు పోయిన వైటు లేడు. చీనా భాష తెలిసిన ఎడ్గారు స్నో 1960లో ఆ దేశమున నెలల తరబడి పర్యటించి, కఱవు లేదని వ్రాసెను. భాష నేర్చుట ఒకటి; చూపనిదానిని చూడబూనుట మఱొకటి.

వైటు 1972లో నిక్సను అధ్యక్షునితోను, 1983లో మరల టైము పక్షమునను చీనాకు వెళ్లెను. 1986వ సంవత్సరము మే 15న న్యూయార్కులో మరణించెను. గురువు ఫెయిర్‌బాంకు 1991 వఱకు జీవించెను. హోనాను వాసియగు రచయిత ల్యూ చెన్-యున్ ఆ కఱవును గూర్చి కథ వ్రాయగా, దాని ననుసరించి 2012లో చీనావారు తీసిన చలనచిత్రమున వైటు ఒక పాత్రగ కనబడెను. 1959-61 కఱవునకు మాత్రము విలేఖరి చీనాలోనే పుట్టెను. ఆ కఱవులో తండ్రిని గోల్పోయిన యాంగ్ చి-షెంగ్, ప్రభుత్వ వార్తాసంస్థలో పనిచేయుచునే పండ్రెండు రాష్ట్రములకు పైగ దస్త్రములు వెదకి, 2008లో హాంగ్‌కాంగులో తన బృహద్గ్రంథమును ప్రకటించెను. చీనాలో అది నిషిద్ధము. 2016లో నీమను వేతనములందుకొన్న పత్రికారచయితలు ఆయనకు బహుమాన మొసగ నిశ్చయించి హార్వర్డునకు ఆహ్వానించిరి. ఆయన పనిచేసిన సంస్థ ప్రయాణమునకు అనుమతి నీయలేదు.